మహారాణిని మగవాణ్ణి చేసిన ఆదివారం

పరువు పోగొట్టుకోవడం పెద్ద విశేషమేమీ కాదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు పోగొట్టుకునే ఉంటారు. కానీ ఒకే ఆదివారం, మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్యలో, పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కన్నుమూసిన ఒక మహారాణి పరువు తీసి, ఎనభై ఏళ్ల పెద్దావిడ మనసు విరిచి, తరతరాల బంగారాన్ని కంసాలి కొలిమి దాకా సాగనంపి, చిట్టచివరికి నా నెత్తిన నేనే బండ వేసుకున్న ఘనత మాత్రం నాకొక్కడికే దక్కుతుంది. ఆ బండ సంగతి ఆఖర్న చెబుతాను. వరసగా చెబితేనే నా తెలివి ఏపాటిదో మీకు బోధపడుతుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. సొంత ఊరు చీరాల. ఉద్యోగం బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో. నివాసం మారతహళ్ళిలో ఒక పీజీ, ముగ్గురికి ఒక గది, ముప్పైమందికి ఒక గీజరు. ఇన్ని కష్టాల మధ్య నా జీవితంలో ఉన్న ఒకే ఒక్క సుఖం పొద్దున్నే వచ్చే ఆఫీసు బస్సు. ఎందుకంటే అందులో హేమ వచ్చేది.

హేమ మా టీములోనే పనిచేసేది. వాళ్లది హొసకోటె. తాతల కాలం నుంచీ అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు, కోపం వస్తే మూడూ కలిపి. రోజూ సిటీ బస్సులో మారతహళ్ళి దాకా వచ్చి అక్కడ మా బస్సెక్కేది. నేను ముందే ఎక్కి కిటికీ పక్క సీటు మీద నా బ్యాగు పెట్టి, ఆమె రాగానే తీసేవాణ్ణి. ఇద్దరి మధ్యా దాని గురించి ఎప్పుడూ మాట రాలేదు. బ్యాగు పెట్టడం, తీయడం, అంతే. గంటన్నర ప్రయాణం. ఆ దారిలో ట్రాఫిక్కుని ఊరంతా తిట్టిపోస్తుంటే నేనొక్కణ్ణే దానికి మనసులో దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

సీటు దొరికింది గానీ, మాట దొరికేది కాదు. వాన గురించి, క్యాంటీన్ సాంబారు గురించి, మా మేనేజరు గురించి మాట్లాడటం రెండు నెలల్లో అయిపోయింది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, రోజూ "ఇవాళ ట్రాఫిక్ కొంచెం ఎక్కువే" అనేవాణ్ణి. ఆమె "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసమే నేను పొద్దున ఆరింటికి చన్నీళ్ల స్నానం చేసేవాణ్ణని ఆమెకి తెలియదు.

ఒకరోజు ఆమే మాట కలిపింది.

"శీనూ, నీకు పాత నాణేలంటే ఏమైనా తెలుసా?"

నాకు నాణేలంటే కండక్టరు ఇచ్చే చిల్లర తప్ప ఏమీ తెలియదు. "కొంచెం తెలుసు, ఎందుకు?" అన్నాను.

"మా అవ్వ మెళ్లో ఒకటుండాది. బంగారుది. పైన రెండు తూట్లు పొడిచి పగడాలతో కట్టుకుంది. ఒక పక్క మొగం, ఇంకో పక్క నిలబడిన మనిషి, చుట్టూ ఏవో అక్షరాలు. ఇంగ్లీషు మాదిరి ఉంటాయి కానీ ఇంగ్లీషు కాదు. మా నాయన దాన్ని కరిగించి నాకు కొత్త హారం చేయిస్తానంటాండాడు."

"పెళ్లికా?" అన్నాను. బ్యాగు జిప్పు ఒకసారి తీసి, మళ్లీ వేశాను.

"ఊఁ. సంబంధాలు చూస్తాండారు. నాకు ఆ హారం వద్దు, అవ్వకి అది పోవడం ఇష్టం లేదు. తెలిసినోళ్లు ఎవరైనా వచ్చి, ఇది చాలా పాతది, కరిగించకూడదు అని చెప్తే మా నాయన వింటాడేమో."

"రెండు వారాలు టైమివ్వు" అన్నాను.

ఆ రెండు వారాలూ నేను చదివినట్టు ఇంజనీరింగులో చదివి ఉంటే ఇప్పటికి ఏదో ఒక దేశానికి రాకెట్లు చేసి ఇస్తూ ఉండేవాణ్ణి. చదివిందేమిటంటే: రోము వర్తకులు ఓడల్లో వచ్చి మన మిరియాలూ పూసలూ సన్నబట్టలూ కొనుక్కుని బంగారు నాణేలు ఇచ్చి వెళ్లేవారట. మనవాళ్లు వాటికి తూట్లు పొడిచి మెడలో వేసుకున్నారట. ఒకవైపు చక్రవర్తి ముఖం, పక్కకు తిరిగి. రెండోవైపు ఆ చక్రవర్తి గురించి లోకం ఏమనుకోవాలో దాని బొమ్మ. రెక్కలున్న విజయదేవత, గుర్రం మీద రాజు, శత్రువు మెడ మీద పాదం, ధాన్యపు గంప పట్టుకున్న దేవత. పేపర్లూ టీవీలూ లేని కాలంలో రాజుగారి ప్రచారమంతా జనం మొలలో, రొంటిలో తిరిగేదన్నమాట.

చక్రవర్తులందరినీ ముక్కుల్ని బట్టి బట్టీ పట్టాను. ఎవరిది గద్దముక్కు, ఎవరికి గడ్డం, ఎవరి మెడ దున్నపోతు మెడలా ఉంటుంది, అన్నీ. చివరికి ఎలా తయారయ్యానంటే, మా మేనేజరు మీటింగులో పక్కకు తిరిగితే నాకు ఆయన చుట్టూ గుండ్రంగా అక్షరాలు కనిపించేవి.

హేమతో బస్సులో ఇప్పుడు మాటే మాట. నేను చెప్పేవాణ్ణి, ఆమె వినేది. మధ్యలో "నిజంగానా?" అనేది. "ఊఁ" నుంచి "నిజంగానా" దాకా ఎదిగాను. మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని హొసకోటె వెళ్లాను. జేబులో ఒక భూతద్దం కూడా పెట్టుకున్నాను, డాక్టరు స్టెతస్కోపు పెట్టుకున్నట్టు. హేమ వాళ్ల నాన్న నారాయణప్పగారు బోర్లకు పైపులమ్మే షాపు నడుపుతారు. మనిషి కూడా పైపులాగే నిటారుగా ఉంటారు, వంగరు. "రాప్పా శీనప్పా, కూర్చో. మా పాప శానా చెప్పింది. నువ్వు నాణేల్లో ఎక్స్‌పర్టంట" అన్నారు.

"ఏదో కొంచెం అంకుల్" అన్నాను, ఏదో ఎక్కువే అని అర్థం వచ్చేలా.

సంగటీ చారూ పెట్టారు. తిన్నాక అవ్వ మునెమ్మగారు వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చున్నారు. పల్చని మనిషి. మెడలో నల్లపూసలు లేవు, ఆ పగడాల దండ ఒక్కటే ఉంది. మధ్యలో అది. రోజూ పసుపూ కుంకుమా పెట్టి పెట్టి ముఖం మీద గీతలన్నీ ఎర్రగా నిండిపోయి ఉన్నాయి. ఆమె దండ తీయలేదు, నాణెం మాత్రం వేళ్లతో పైకెత్తి పట్టుకుంది.

"మా అత్త ఇచ్చిందప్పా నాకు. ఆయమ్మకి వాళ్లత్త ఇచ్చింది. దొరసానమ్మ అంటాం మేము. ఇదో, కొప్పు చూడు ఎంత బాగుండాదో" అంది.

నేను భూతద్దం పెట్టి చూశాను. నిజంగానే రోము నాణెం. సందేహం లేదు. అక్కడితో ఆపి, "అంకుల్, ఇది రెండువేల ఏళ్ల నాటిది, కరిగించకండి" అని చెప్పి, రెండు అరటిపళ్లు తిని ఇంటికి వచ్చేసి ఉంటే ఈ కథ లేదు. కానీ రెండు వారాల చదువు నా లోపల ఉడుకుతున్న పాల గిన్నెలా మూతని పైకి తోస్తోంది.

"అవ్వా, ఇది దొరసాని కాదు. ఇది మగవాడు" అన్నాను.

"మొగోడా? కొప్పు ఉండాదే."

"కొప్పు కాదవ్వా. అది ఆకుల కిరీటం. రోము చక్రవర్తులు పెట్టుకుంటారు. అరిగిపోయి అలా కనిపిస్తోంది."

"కాదప్పా, కొప్పే. జడ చుట్టి పైన ముడేసుకుంది."

ఎనభై ఏళ్ల మనిషి, రోజూ అద్దంలో తన ముఖం కంటే ఎక్కువగా ఆ ముఖం చూసిన మనిషి, చెబుతోంది. నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

"మెడ చూడండి, ఎంత లావుగా ఉందో. గడ్డం కింద మడత చూడండి. వెనకవైపు అక్షరాలు చూడండి. తూటు వల్ల కొన్ని పోయాయి గానీ, ఇవిగో, ఈ, ఆర్, ఎన్. ఇవన్నీ నీరో అన్న పేరులో ఉన్న అక్షరాలే. కొంచెం అటూ ఇటూ అయ్యాయి."

రెండువేల ఏళ్లలో అక్షరాలు చోటు మారవని, అరిగిపోతాయే తప్ప ఒకదాన్నొకటి దాటుకుని నడిచి వెళ్లవని నాకు ఆ క్షణంలో తట్టలేదు.

"నీరో అంటే ఎవురు?" అన్నారు నారాయణప్పగారు.

నా పక్కన కూర్చున్న హేమ మడమతో నా కాలు తొక్కింది. ఇక చాలు ఆపు అని. నేనేమనుకున్నానో చెప్పనా? ఆమె నా కాలు తొక్కడం అదే మొదటిసారి. ప్రేమ అనుకున్నాను. రెట్టింపు ఉత్సాహం వచ్చింది.

"చాలా క్రూరుడండీ. సొంత తల్లిని చంపించాడు. ముందు సముద్రంలో విడిపోయే పడవ చేయించి అందులో ఎక్కించాడు. ఆవిడ ఈదుకుంటూ బయటపడింది. అప్పుడు మనుషుల్ని పంపించి..."

హేమ రెండోసారి తొక్కింది. ఇంకా గట్టిగా. నేను నీరో భార్య దగ్గరికి వెళ్లాను. ఆవిణ్ణి కాలితో తన్ని చంపేశాడని చెప్పాను. గర్భిణి అని కూడా చెప్పాను.

నారాయణప్పగారు మెల్లగా అన్నారు: "అంటే, అమ్మను చంపినోణ్ణి మా అమ్మ మెళ్లో వేలాడదీసుకోనుండామా ఇన్ని దినాలు?"

"చారిత్రకంగా చూస్తే అంకుల్..."

"చరిత్ర ఏమోప్పా. ఇంట్లో ఆడపిల్ల పెండ్లి పెట్టుకోని ఇట్లాంటిది ఉంచుకుంటారా? నేను రేపో మాపో అనుకుంటాంటి. ఈ పొద్దే కంసాలి ఆచారి కాడికి తీసుకుపోతా."

నాణెం బతికించడానికి పిలిస్తే వెళ్లినవాణ్ణి. గంటలో దానికి ఉరిశిక్ష వేయించాను.

అవ్వ గొడవ చేయలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. మెడ వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పింది. చాలా ఏళ్ల ముడి, వెంటనే రాలేదు. హేమ లేచి వెళ్లి సాయం చేసింది. అవ్వ దండని కొడుకు చేతిలో పెట్టి, నావైపు కాకుండా గోడవైపు చూస్తూ అంది: "మొగుడు పోయినప్పట్నించీ నా కష్టమంతా దీనికే చెప్పుకొంటి. ఆడమనిషి కదా, అర్థమవుతాదనుకొంటి. ఎవురో మొగోని ముందర చెప్పుకొన్నానా అంతా?"

హేమ నన్ను గుమ్మం దాకా సాగనంపింది. "పోయిరా శీనూ" అంది. "నిజంగానా" నుంచి "ఊఁ" కంటే కిందికి జారిపోయాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నాను. కానీ పక్కన ఎవరూ రావలసినవాళ్లు లేరు. వాన మొదలైంది. అవ్వ నాణెం ఎత్తి పట్టుకున్నప్పుడు ఫోనులో రెండు ఫోటోలు తీశాను. చేసిన పాపాన్ని మళ్లీ మళ్లీ చూసుకోవడానికి కాబోలు, వాటిని తెరిచి పెద్దవి చేసి చూస్తూ కూర్చున్నాను. కృష్ణరాజపురం దగ్గర బస్సు ట్రాఫిక్కులో ఆగిపోయింది. ఆగిపోతే నాకు అలవాటే, దణ్ణం పెట్టుకునే అలవాటు. కానీ ఆ రోజు దణ్ణం పెట్టుకునే ముఖం లేదు. చూస్తూ ఉన్నాను.

కుంకుమ కింద ముఖం పక్కన అక్షరాలు కనిపించాయి. డి, ఐ, వి, ఏ. తర్వాత ఎఫ్, ఏ, వి, ఎస్, టి. రోమువాళ్లు యూ బదులు వి చెక్కుతారని చదివాను. ఫౌస్టీనా. దివా ఫౌస్టీనా.

చన్నీళ్లు కాదు, మంచునీళ్లు ఎవరో నెత్తిన పోసినట్టయింది. వెనకవైపు ఫోటో తెరిచాను. ఈ, ఆర్, ఎన్. వాటికి ముందొక టి, వెనక ఒక ఐ. నీరోకి వీటితో ఏ బంధుత్వమూ లేదు. అది లాటిన్లో ఎటెర్నిటాస్. ఎప్పటికీ ఉండటం, శాశ్వతం అని అర్థం.

అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. ఆడమనిషే. కొప్పే. జడలు అల్లి, తల చుట్టూ తిప్పి, నడినెత్తిన ముడి వేసుకున్న కొప్పు. నేను ఆ కొప్పుని కిరీటం చేసి, ఆ ఇల్లాలిని హంతకుణ్ణి చేసి వచ్చాను.

హేమకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. కట్ చేసింది. బస్సు నుంచి దిగిపోయాను. రోడ్డు దాటి అటువైపు హొసకోటె బస్సెక్కాను. దారంతా డ్రైవరు వెనక నిలబడి, నా చూపుతోనే బస్సుని తోశాను. హొసకోటెలో దిగి, నారాయణప్పగారు చెప్పిన ఆచారి అంగడి ఎక్కడని అడిగి, వానలో పరిగెత్తాను. దారిలో ఒక చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకునే ఆ అంగడిలోకి అడుగుపెట్టాను.

ఆచారిగారు, నారాయణప్పగారు ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. బంగారం కరిగించే మూస పక్కన పెట్టి ఉంది. బొగ్గులు సిద్ధంగా ఉన్నాయి, ఇంకా రగిలించలేదు. నాణెం ఒక ఇత్తడి పళ్లెంలో ఉంది.

"ఏమప్పా, మళ్లా ఎవర్ని చంపినాడు?" అన్నారు నారాయణప్పగారు.

"ఇంకా కరిగించలేదా?" అన్నాను, రొప్పుతూ.

"ఆదివారం నాలుగున్నర నించి ఆరు దాకా రాహుకాలం. రాహుకాలంలో నేను నిప్పు ముట్టను" అన్నారు ఆచారిగారు. గోడ గడియారం ఆరుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. రాహువు గురించి నేను జన్మలో ఎప్పుడూ గౌరవంగా మాట్లాడింది లేదు. ఆ రోజు నుంచీ ఒక్క మాట అనను.

చెప్పాల్సిందంతా చెప్పాను. తప్పు చదివానని, నీరో కాదని, మగవాడే కాదని, ఒక చక్రవర్తి భార్య అని. నారాయణప్పగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"మధ్యాన్నం మొగోడంటివి. సాయంత్రానికి ఆడమనిషంటాండావు. స్వల్ప సేపు ఆగితే ఇంకేమంటావో. ఆచారీ, ఆరు కాంగానే కానీ."

నేను ఆచారిగారి వైపు తిరిగాను. "మీరొకసారి అద్దం పెట్టి చూడండి. ఆ తల మీద ఉన్నదేమిటో మీరే చెప్పండి. నా మాట వద్దు."

ఆయన కంటికి అద్దం తగిలించుకుని, నాణేన్ని దీపం కిందికి జరిపి, కుంకుమని మెత్తటి కుంచెతో తుడిచారు. చాలాసేపు చూశారు. గడియారం ముల్లు నడుస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"నారాయణప్పా," అన్నారు చివరికి, "యాభై ఏండ్లు జడబిళ్లలూ నాగరాలూ చేసినా. ఆడదాని తల నాకు తెల్దా? కొప్పే ఇది. కొప్పు చుట్టూ ముత్యాల వరస కూడా ఉండాది. ఇంత పని చేసినోని చెయ్యి నేను కరిగించలేను. తీసుకుపో."

ఇంటికి వెళ్లేసరికి అవ్వ ఆ చాప మీదే ఉంది. బోసి మెడతో. నారాయణప్పగారు దండ ఆమె ఒళ్లో పెట్టి, "ఈ ఎక్స్‌పర్టు ఏమో చెప్తాడంట విను" అని పక్కకు వెళ్లి కూర్చున్నారు. హేమ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను తడి చొక్కాతో, ఒంటి చెప్పుతో అవ్వ ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు చెప్పిందే నిజం. నేనే తప్పు. ఈవిడ పేరు ఫౌస్టీనా. ఒక చక్రవర్తి భార్య. ఆయన గద్దెనెక్కిన కొత్తలోనే ఈవిడ చనిపోయింది. ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్లు బతికాడు. బతికినన్నాళ్లూ ఈవిడ ముఖంతో నాణేలు వేయిస్తూనే ఉన్నాడు. బంగారంలో, వెండిలో, రాగిలో. పేరుకి ముందు దివా అని రాయించాడు, దేవత అని. వెనకవైపు ఈ మాట, ఎప్పటికీ ఉంటుంది అని."

అవ్వ నాణెం తిప్పి రెండోవైపు చూసింది. "ఈ నిలబడినామె చేతిలో ముద్ద ఏంది?"

"భూగోళం అంటారవ్వా."

"సంగటి ముద్ద మాదిరుండాది" అంది. నేను వాదించలేదు.

ఆమె నాణేన్ని మళ్లీ ముఖం వైపు తిప్పుకుంది. తర్వాత నాతో కాదు, నాణెంతో అన్నట్టుగా అంది: "మా ఆయన కామెర్లతో పోయేటప్పటికి నాకు ముప్పై ఏండ్లు. ఒక్క పటం లేదు ఆయనది. బెంగుళూరుకు పోయి ఇద్దరం తీయించుకుందాం అంటే, రేపు పోదాం అనేవాడు. గొంతు జ్ఞాపకముండాది నాకు. నగువు జ్ఞాపకముండాది. మొగమే పోయిందప్పా. ఎంత తల్చుకున్నా రాదు. ఈ రాజు చూడు, పెండ్లాము మొగం పోగొట్టుకోలేదు."

నేను తడి చొక్కా అంచు పిండుకుంటూ కూర్చున్నాను.

"మళ్లా పెండ్లి చేసుకున్నాడా ఆయన?" అంది.

"చేసుకోలేదవ్వా."

అది నిజమే. పుస్తకాల్లో దాని తర్వాత ఇంకో వాక్యం కూడా ఉంది. పెళ్లయితే చేసుకోలేదు గానీ, ఆ మహారాణి దగ్గర పనిచేసిన ఒకావిడని ఇంట్లో పెట్టుకున్నాడని. మధ్యాహ్నం నేనైతే అది కూడా చెప్పేసేవాణ్ణి. సాయంత్రం నేను నోరు మూసుకున్నాను. తెలిసిన సంగతి చెప్పకుండా ఊరుకోవడం నా జీవితంలో అదే మొదలు. ఎంత హాయిగా ఉందో. మౌనం ఎంత గొప్పదో నాకు అప్పుడే అర్థమైంది. కొత్తగా నేర్చుకున్న విద్య కదా, మరో రెండు నిమిషాల్లోనే దాన్ని ఇంకోచోట వాడేశాను.

అవ్వ దండ మెడలో కట్టించుకుంది. హేమే కట్టింది. కట్టేటప్పుడు ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. అవ్వ నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"వానలో తడుచుకోని వచ్చినావు. దొరసానమ్మను కాపాడినావు. నీకేం కావాలప్పా? మా ఇంట్లో ఉండేది ఏదైనా సరే, నోరు తెరిచి అడుగు."

నారాయణప్పగారు పైన ఫ్యాను వంక చూస్తున్నారు. హేమ చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటోంది. అంతా తెలుసు నాకు, ఏం కావాలో. ఎనిమిది నెలలుగా కిటికీ పక్క సీటు మీద బ్యాగు పెట్టి మరీ కాపాడుకుంటున్నది ఏమిటో.

"నాణెం ఫోటో కావాలవ్వా" అన్నాను. "మంచి వెలుతురులో. రెండు వైపులా."

"అంతేనా?"

"అంతే అవ్వా."

"ఇంకోసారి బాగా ఆలోచన చేసుకోప్పా. బేజారేమీ లేదు."

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను. "పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే సైజు కూడా తెలుస్తుంది" అన్నాను.

హేమ స్కేలు తేవడానికి లోపలికి వెళ్లింది. చాలాసేపటి వరకూ రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి వంటకి ఉల్లిపాయలు తరుగుతోంది కాబోలు అనుకున్నాను. చాలా మంచి ఫోటోలు వచ్చాయి.

మరుసటి ఏడాది ఒక పొద్దున, బస్సు ఎక్కగానే, నేను బ్యాగు తీసిన సీట్లో కూర్చుని హేమ పెళ్లి పత్రిక నా చేతిలో పెట్టింది. పెళ్లికొడుకుది మైసూరు. చదువుకున్నవాడు, మంచివాడు. చెడ్డవాడైతే నాకు కొంత సాయంగా ఉండేది.

"కంగ్రాట్స్" అన్నాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ అంది: "ఆ దినం అవ్వ నిన్ను ఏం కావాలని ఎందుకు అడిగిందో తెలుసా శీనూ?"

"ఎందుకు?"

"నేనే అడగమన్నా. దండ కట్టేటప్పుడు చెవిలో చెప్పినా. నాయనకి కూడా అర్థమయింది, ఏమీ అనలేదు."

బస్సు కదల్లేదు. ముందు ఎక్కడో లారీ ఆగిపోయినట్టుంది.

"మరి నువ్వైనా చెప్పొచ్చు కదా" అన్నాను చివరికి.

"ఎట్ల చెప్పేది? నువ్వు స్కేలు అడిగితివి" అంది. నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు వెనక ఏముందో మా ఇద్దరికీ తెలుసు గనక, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సిటీ వచ్చేదాకా ఇద్దరం ట్రాఫిక్కు గురించే మాట్లాడుకున్నాం.

పెళ్లికి వెళ్లాను. హేమ మెడలో కొత్త హారమేమీ లేదు, పగడాల దండ ఉంది. అవ్వ నన్ను చేయి పట్టుకుని వేదిక మీదకి లాక్కెళ్లి, "మా శీనప్ప, దీని కథంతా చెప్తాడు వినండి" అని మగపెళ్లివారి ముందు నిలబెట్టింది. చెప్పాను. చక్రవర్తి, భార్య, ఇరవై ఏళ్లు, బంగారం, శాశ్వతం, అన్నీ. పెళ్లికొడుకు ఎంతో శ్రద్ధగా విని ఒక ప్రశ్న అడిగాడు.

"అంత ఇష్టమున్నవాడు, ఆమె బతికుండగా ఆ మాట ఆమెకి ఎప్పుడైనా చెప్పినాడా అండీ?"

"దానికి నాణేల్లో ఆధారాలు దొరకలేదండీ" అన్నాను. ఫోటోగ్రాఫరు నన్ను కొంచెం పక్కకి జరగమన్నాడు.

అందుచేత, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, ఒంటి చెప్పుతో నిలబడినంత వినయంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంట్లోనైనా, ఏ పెద్దావిడైనా, నీకేం కావాలి నాయనా అని అడిగితే, ఫోటో అడగను, స్కేలు అసలే అడగను, నాకు కావలసిందేదో తడబడకుండా అడిగేస్తాను. ఈ ప్రమాణం మొదట చేసుకుని పదేళ్లు దాటింది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతవరకూ మళ్లీ ఎవరూ అడగలేదు.